‘ఎలా ఉన్నారు?’ అని ఎవరైనా అడిగితే...

బుధవారం సాయంత్రం ఏడు దాటిందంటే మా మెట్ల మీద కాలు పెట్టడానికి చోటుండదు. పై వాటాలో టీచరమ్మగారింటి ముందు చెప్పులు బారులు తీరి ఉంటాయి. అరిగిపోయిన హవాయి చెప్పులు, ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సమ్మ తెల్లబూట్లు, డిగ్రీ కుర్రాళ్ల స్పోర్ట్స్ షూ... అన్నీ కలిపి ఎనిమిది తొమ్మిది జతలు.

సికింద్రాబాద్‌లో ఈ ఇంట్లో దిగిన కొత్తలో నాకు అదో పెద్ద చికాకు. గేటుకు అడ్డంగా బండ్లు, మెట్ల మీద చెప్పులు, సరిగ్గా మా పాప హోంవర్కు వేళకు పైనుంచి పాటలు. ‘వారం వారం ఏం పేరంటమండీ ఇది’ అని మావారి దగ్గర విసుక్కున్న రోజులున్నాయి.

ఓ బుధవారం గాలివానకు కరెంటు పోయింది. మా ఇన్వర్టరు కూడా మొరాయించింది. చీకట్లో భయపడి ఏడుస్తున్న పాపను ఎత్తుకుని మెట్ల మీద నిలబడితే టీచరమ్మగారు తలుపు తీశారు. ‘అక్కడే నిలబడ్డావేంటమ్మా... లోపలికి రా, మా దగ్గర లైటుంది’ అన్నారు. మేం శనివారం శనివారం వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవాళ్లం. కాస్త మొహమాటపడుతూనే వెళ్లి ఓ మూల కూర్చున్నాను.

నేను ఊహించుకున్నది వేరు. లోపల కనిపించింది వేరు. మైకు లేదు, ప్రసంగం లేదు. చాప మీద తొమ్మిది మంది గుండ్రంగా కూర్చున్నారు. బైబిల్లోంచి ఓ పది వాక్యాలు ఒకరు చదివారు. తనకేం అర్థమైందో, ఏం అర్థం కాలేదో ఒక్కొక్కరూ చెప్పారు. ఆ తర్వాత టీచరమ్మగారు అందరినీ వరసగా ఒకే మాట అడిగారు.

‘ఈ వారం ఎలా గడిచింది?’

‘బాగానే ఉందండీ’ అన్నాడు ఒకాయన.

‘బాగానే అంటే?’

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆవిడ మాత్రం ఆయనవైపే చూస్తూ ఊరుకున్నారు. అర నిమిషం గడిచింది. అప్పుడు ఆయన గొంతు మారింది. నిజం చెప్పడం మొదలుపెట్టాడు.

ఏం చెప్పాడన్నది తర్వాత. ఆ అర నిమిషం మాత్రం నన్ను వదల్లేదు. రోజుకు ఎంతమందిని ‘ఎలా ఉన్నారు?’ అని అడుగుతాం! జవాబు కోసం ఎప్పుడైనా ఆగామా?

గురువు పక్కన చోటు

ఇలాంటి వాటిని మనవైపు క్రైస్తవులు కాటేజీ ప్రేయర్ అంటారు. గృహకూడిక అంటారు. బైబిల్ స్టడీ అనీ అంటారు. ఆదివారం గుడిలో జరిగేది ఆరాధన. వారం మధ్యలో ఇంట్లో జరిగేది శిష్యరికం అని టీచరమ్మగారు నాకు విడమరిచి చెప్పారు.

శిష్యరికం అనే మాట మనకు కొత్తేం కాదు. సంగీతమైనా, వడ్రంగమైనా, వంటైనా పుస్తకం చూసి కొంతే వస్తుంది. మిగతాదంతా గురువు పక్కన కూర్చుంటేనే. యేసుక్రీస్తు కొండ మీద గుంపులకు బోధించాడు నిజమే. కానీ రోజంతా వెంట తిప్పుకున్నది పన్నెండు మందిని. వాళ్లతోనే తిన్నాడు, నడిచాడు, వాళ్ల చేతకానితనాన్ని భరించాడు. తొలితరం క్రైస్తవులకు గుడి కట్టడాలు లేవు. ఎవరింట్లోనో కూడుకునేవాళ్లు. డేరాలు కుట్టి బతికే అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తల ముచ్చట అపొస్తలుల కార్యముల్లో ఉంది. అపొల్లో అనే గొప్ప వక్త బోధలో ఏదో లోటు గమనించారు వాళ్లు. నలుగురిలో నిలదీయకుండా, తమతో చేర్చుకుని నెమ్మదిగా వివరించారు.

అయితే ఈ చిన్న గుంపుల పద్ధతిని ఓ పద్ధతిగా మలిచిన కథ ఒకటుంది. అది ఏ వేదాంత చర్చలోనూ పుట్టలేదు. అప్పు తీర్చడం ఎలా అన్న గొడవలో పుట్టింది!

వారానికో పెన్నీ

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ అనే రేవు పట్నం. 1739లో జాన్ వెస్లీ అనే ఆంగ్లికన్ గురువు ఆ చుట్టుపక్కల ఆరుబయట ప్రసంగాలు మొదలుపెట్టాడు. కింగ్స్‌వుడ్ బొగ్గుగనుల కూలీలు, గుడి గడప తొక్కని పేదలు వేలల్లో వచ్చేవారు. వాళ్లు కూడుకోవడానికి అదే ఏడాది ‘న్యూ రూమ్’ అనే భవనం కట్టారు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. కట్టడమైతే కట్టారు... నెత్తిన అప్పు మిగిలింది.

1742 ఫిబ్రవరి 15న ఆ అప్పు గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నారు. కెప్టెన్ ఫాయ్ అనే ఆయన లేచి ఓ ఉపాయం చెప్పాడు. అప్పు తీరేదాకా సభ్యులంతా వారానికో పెన్నీ ఇవ్వాలని. పెన్నీ అంటే అప్పట్లో పౌండులో 240వ వంతు. ‘మనలో చాలామంది దగ్గర అది కూడా లేదు కదా’ అన్నారు ఎవరో. దానికి ఫాయ్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అందరికన్నా పేదవాళ్లను పదకొండు మందిని తనకు అప్పగించమన్నాడు. వారం వారం తానే వాళ్ల ఇళ్లకు వెళతానని, ఇచ్చినవాళ్ల దగ్గర తీసుకుంటానని, ఇవ్వలేనివాళ్ల వంతు తానే వేస్తానని చెప్పాడు. మిగతావాళ్లు కూడా తలా పదకొండు మంది ఇరుగుపొరుగును చూసుకోమన్నాడు.

అలా పన్నెండేసి మంది చొప్పున గుంపులయ్యాయి. వాటికి ‘క్లాసు’లని పేరు. ఒక్కో క్లాసుకు ఒక లీడరు. పెన్నీ కోసం గడప గడపకూ తిరిగిన ఆ లీడర్ల కళ్లకు చాలా సంగతులు కనిపించాయి. ఒకడు మళ్లీ తాగుడుకు దిగాడు. ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు. ఇవన్నీ వెస్లీ చెవిన వేశారు. ఆయనకు చప్పున వెలిగింది. ఇన్నాళ్లూ తాను వెతుకుతున్నది ఇదేనని! వేలమంది వింటున్నారు సరే, విన్నవాడు ఇంటికెళ్లాక ఏమవుతున్నాడో చూసే మనిషేడీ? ఆ మనిషి ఈ పెన్నీ పుణ్యమా అని దొరికాడు.

రెండు నెలల్లో లండన్‌లోనూ ఇదే ఏర్పాటు చేశారు. ఇల్లిల్లూ తిరగడం కష్టమవుతోందని, పనివాళ్ల యజమానులు గడప తొక్కనివ్వడం లేదని, కొన్నాళ్లకు పన్నెండు మందీ వారానికోసారి ఒకచోట కూర్చోవడం మొదలుపెట్టారు. అక్కడ ఉపన్యాసం లేదు. గడిచిన వారంలో ఎక్కడ జారాను, ఎక్కడ నిలబడ్డాను... ఇదే మాట. లీడరుకు పెద్ద చదువు అక్కర్లేదు. చెప్పులు కుట్టేవాళ్లు, నేతపనివాళ్లు కూడా లీడర్లయ్యారు. ఆ రోజుల్లో ప్రసంగ వేదిక ఎక్కే వీల్లేని ఆడవాళ్లు ఎందరో క్లాసు లీడర్లయ్యారు.

మన ఊళ్లలో డ్వాక్రా సంఘాలు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పదీ పదిహేను మంది ఆడవాళ్లు పొదుపు కోసమే కూర్చుంటారు. కానీ లక్ష్మమ్మ ఈ వారం ఎందుకు రాలేదు, ఆమె మొహం మీద ఆ దెబ్బేమిటి అన్న ప్రశ్న కూడా అక్కడే పుడుతుంది. డబ్బు ఓ వంక. మనుషులు ఒకరికొకరు లెక్కలోకి రావడం అసలు సంగతి.

1791లో వెస్లీ చనిపోయేనాటికి బ్రిటన్, ఐర్లండ్‌లలో కలిపి ఆయన సంఘాల్లో 70 వేల మందికి పైగా సభ్యులున్నారు. అంతమందీ ఏదో ఒక పన్నెండు మందిలో ఒకరే.

అమ్మ ఇచ్చిన గురువారం

అసలు వెస్లీకి ఈ విద్య ఎక్కడ అబ్బింది? నాకైతే ఆయన పుట్టింట్లోనే అనిపిస్తుంది.

తల్లి సుసన్నా వెస్లీకి పంతొమ్మిది కాన్పులు. పసితనం దాటి బతికింది పదిమంది. ఎప్‌వర్త్ అనే పల్లెలో తండ్రి గుడి గురువు. ఆదాయం అంతంతమాత్రం. 1709లో ఇల్లు కాలిపోయింది. మంటల్లో చిక్కుకున్న అయిదేళ్ల జాన్‌ను చివరి క్షణంలో కిటికీలోంచి లాగారు.

అలాంటి ఇంట్లో ఆ తల్లి ఓ నియమం పెట్టుకుంది. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకు. ఆ బిడ్డతో ఆవిడ ఒంటరిగా కూర్చుని మాట్లాడేది. చదువు సంగతి వేరే, పొద్దున పాఠాలు వేరే. ఇది మనసు సంగతి. జాన్‌కు దక్కింది గురువారం. పెద్దయ్యాక, ఆక్స్‌ఫర్డ్‌లో అధ్యాపకుడిగా ఉన్న రోజుల్లో కూడా, చిన్నప్పుడు తనకిచ్చిన ఆ గురువారం సాయంత్రాన్ని తలుచుకుని అమ్మకు ఉత్తరం రాశాడు. అలాంటి కాస్త సమయం ఇప్పుడు కూడా తనకోసం తీసి ఉంచమని అడిగాడు.

అంతమంది పిల్లల తల్లికి దొరికిన తీరిక, ఒక్క బిడ్డ ఉన్న నాకెందుకు దొరకదు? ఈ ప్రశ్న వేసుకున్నాక ఫోను పక్కన పెట్టి పాప దగ్గర కూర్చోవడం అలవాటు చేసుకుంటున్నా. మొదటివారం అది ‘ఏంటమ్మా, ఏమైంది?’ అని కంగారు పడింది!

లెక్క పెద్దది, గడప చిన్నది

మెదక్ చర్చి చూడని తెలుగు కుటుంబాలు తక్కువ. 175 అడుగుల గోపురం, రంగుల అద్దాల కిటికీలు, క్రిస్మస్‌నాడు జాతర. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ వెస్లియన్ మిషనరీ. అంటే బ్రిస్టల్‌లో పెన్నీలు పోగేసిన ఆ సంఘాల వారసుడే. గోపురం అందరికీ కనిపిస్తుంది. దాని వెనక ఉన్న పన్నెండు మంది కనిపించరు.

కోస్తావైపు చూసినా అంతే. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు అక్కడ మోగుతుంది. కానీ అంతకు పన్నెండేళ్ల ముందే యర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు, మాదిగ కులస్థుడు. తాను నమ్మిన సంగతిని ముందు తనవాళ్లకు, ఆపై ఊరూరా చుట్టాలకు చెప్పుకుంటూ తిరిగాడు. లెక్కలో రాసుకున్నది 2,222. దానికి దారి వేసింది మాత్రం ఒక మనిషి మరో మనిషి అరుగు మీద కూర్చుని చెప్పిన మాట.

అలాగని ఈ పద్ధతిలో అన్నీ సుగుణాలే అనుకోకండి. 19వ శతాబ్దం గడిచేకొద్దీ మెథడిస్టు క్లాసులు నీరుగారిపోయాయి. అదే ప్రశ్న, బట్టీపట్టిన అదే జవాబు. ‘దేవుడి దయవల్ల బాగున్నాను’ అనేసి ఇంటికెళ్లడం మామూలైపోయింది. క్రమంగా చాలామంది రావడం మానేశారు. అడిగేవాళ్లు ఆగడం మానేస్తే చెప్పేవాళ్లు చెప్పడం మానేస్తారు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. అది నేను మా పై వాటాలో కళ్లారా చూశాను.

ప్రార్థన మనవి

‘బాగానే ఉందండీ’ అన్న పెద్దమనిషి ఆ చీకటి బుధవారం చెప్పుకున్నది తన అప్పుల గురించి. ఆయన వృత్తీ, ఊరూ నేను రాయను. చిన్న వ్యాపారం దెబ్బతింది. నూటికి అయిదు రూపాయల వడ్డీకి తెచ్చాడు. భార్యకు కూడా పూర్తిగా తెలియదు. ఆ రాత్రి తొమ్మిది మందీ ఆయన కోసం ప్రార్థించారు. బయటికొచ్చేటప్పుడు ఆయన మొహం తేలికపడటం నేనూ చూశాను.

సరిగ్గా పది రోజులకు ఆ సంగతి ఆయన కూతురికి సంబంధం మాట్లాడుతున్న వాళ్లింటికి చేరింది. పిల్ల నచ్చిందన్నవాళ్లు కబురు చేయడం మానేశారు. ఆ సంబంధం పోయింది. భార్యకు సగం తెలిసిన నిజం వీధి మొత్తానికీ తెలిసింది.

ఎవరు చెప్పారు?

తర్వాతి బుధవారం చాప మీద ఒక చోటు ఖాళీ. టీచరమ్మగారు ఆ రోజు బైబిల్ తెరవలేదట. ‘ఆ మాట బయటపెట్టింది నేనే’ అన్నారట. జరిగిందేమిటంటే, ఆవిడ తమ మహిళా సమాజం వాట్సాప్ గ్రూపులో ‘ఫలానా సోదరుడు అప్పుల బాధలో ఉన్నాడు, ప్రార్థించండి’ అని పెట్టారు. పేరుతో సహా. మంచి మనసుతోనే పెట్టారు. అందులో యాభై మందికి పైగా ఉన్నారు. ప్రార్థించినవాళ్లు ఎంతమందో కానీ, ఫార్వర్డ్ చేసినవాళ్లు మాత్రం ఉన్నారు.

‘ముప్ఫై రెండేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పానమ్మా. పక్కవాడి స్లేటు చూపించకూడదని వాళ్లకు నేర్పిందాన్ని... నేనేం చేశాను చూడు’ అన్నారు నాతో ఓ మధ్యాహ్నం. ఆవిడ కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదలు.

ఇక్కడ ఆవిడ మానేయొచ్చు. ‘పొరపాటైంది’ అని ఓ మెసేజి పెట్టి ఊరుకోవచ్చు. ఇలాంటివి జరిగిన చోట చాలామంది అదే చేస్తారు. గుంపు రెండుగా చీలుతుంది, దెబ్బతిన్నవాడు ఇంకెక్కడా నోరు విప్పడు.

ఆవిడ మర్నాడే ఆయనింటికి వెళ్లారు. ఆయన లోపలుండి కూడా బయటికి రాలేదు. భార్య తలుపు తీస్తే, ఆమె ముందు చేతులు జోడించి జరిగింది చెప్పి, తప్పు తనదేనని ఒప్పుకుని వచ్చేశారు. వాట్సాప్ గ్రూపులోనూ అదే రాశారు, సాకులేం చెప్పకుండా. తర్వాతి గురువారం మళ్లీ వెళ్లారు. మళ్లీ వెళ్లారు. మోకాళ్ల నొప్పులతో మా మెట్లు దిగడానికే అయిదు నిమిషాలు పట్టే మనిషి. వారం వారం ఆటో కట్టించుకుని వెళ్లి, పదిహేను నిమిషాలు ఆ ఇంటి వరండాలో కూర్చుని, ఆ ఇల్లాలితో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేవారు. ప్రార్థన చేస్తాననలేదు, రమ్మని పిలవలేదు.

‘ఎందుకండీ అంత శ్రమ? ఆయన మొహమే చూపించడం లేదు కదా’ అని నేనే ఉండబట్టలేక అడిగాను.

‘ఆయన రావాలని వెళ్లట్లేదమ్మా. ఆయన లేడని మాకు తెలుస్తోందని ఆయనకు తెలియాలి కదా’ అన్నారు.

బ్రిస్టల్‌లో కెప్టెన్ ఫాయ్ ఇచ్చిన మాట గుర్తొచ్చింది నాకు. ఇవ్వలేనివాళ్ల వంతు తానే వేస్తానన్నాడాయన. ఈవిడ వేస్తున్నదీ అదే.

ఎనిమిదో గురువారం ఆయన వరండాలోకి వచ్చాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ‘టీ తాగి వెళ్లండి టీచరమ్మా’ అన్నాడు చివరికి.

ఇంతే జరిగింది. ఆయన ఇంకా బుధవారం కూడికకు రావడం లేదు. వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. పోయిన సంబంధం తిరిగి రాలేదు. కానీ గుంపులో ఇద్దరు ఆయనతో కూర్చుని బాకీలన్నీ కాగితం మీద రాయించారు. నర్సమ్మ భర్త సొసైటీ బ్యాంకులో లోను పని చూసిపెడుతున్నాడు. అప్పు ఇంకా ఉంది. వడ్డీ తగ్గే దారి కనిపించింది.

బుధవారం కూడికలో ఇప్పుడో కొత్త నియమం పెట్టుకున్నారు. ఈ చాప మీద విన్నది ఈ చాప మీదే ఉండాలి. ప్రార్థన మనవి పేరుతో కూడా గడప దాటకూడదు. ఎవరి సంగతి అయినా బయట చెప్పాలంటే వాళ్లే చెప్పుకోవాలి. ఏ మతంవాళ్లైనా, ఏ సంఘంవాళ్లైనా, ఆఖరికి అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాళ్లైనా గోడకు రాసిపెట్టుకోదగ్గ మాట కాదూ!

మరి నువ్వు పేపర్లో రాశావేంటి అంటారేమో. న్యాయమైన ప్రశ్నే. రాసే ముందు టీచరమ్మగారితో కలిసి నేనూ ఓ గురువారం ఆ వరండాకు వెళ్లాను. రాయొద్దంటే రాయనని ముందే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, భార్యను పిలిచి అడిగాడు. ఆవిడ సరేనంది. తర్వాత నాతో ‘పేరొద్దమ్మా, మిగతాది రాయండి. చెప్పుకున్నందుకు నేను చెడ్డానని ఎవరూ అనుకోకూడదు. చెప్పుకోవడం తప్పు కాదు’ అన్నాడు.

వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి సాగనంపాడు. ‘ఎలా ఉన్నారండీ ఇప్పుడు?’ అని అలవాటుగా అడిగేశాను. అడిగాక గుర్తొచ్చి, ఆగాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. నేనూ తొందరపడలేదు. ఆటో అతను హారన్ కొడుతూనే ఉన్నాడు... కొట్టనీ.